అరువు స్కర్టులో తొలి పాయింటు

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ పొట్టి అని పిలిచేవారు. పుట్టినప్పుడు మూరెడు కూడా లేదని పెట్టుకున్న ముద్దుపేరు అది. పదమూడో ఏట మొదలుపెట్టి ఆమె ఆగకుండా పెరిగి, ప్రతి గుమ్మం దగ్గరా తల వంచే స్థితికి వచ్చినా పేరు మాత్రం పెరగలేదు. టెన్నిస్ కోర్టు పక్కన ఎవరైనా "పొట్టీ" అని కేకేస్తే, అవతలి ఆటగత్తె ఏ చిన్నపిల్లో వస్తుందనుకుని ధీమాగా చూసేది. తీరా చూస్తే తాటిచెట్టు నడిచొచ్చేది.

పందొమ్మిదో ఏట పొట్టి ప్రొఫెషనల్ అయింది. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ ఆమె చేసిందల్లా ఒక ఫారం నింపడం. ఇకనుంచి చిన్నపిల్లల పోటీలు కాదు, పెద్దవాళ్ళ పోటీలు. ఊరూరా తిరిగి, గెలిచి, పాయింట్లు సంపాదించి, ప్రపంచ జాబితాలో ఎక్కడో ఒకచోట పేరు ఎక్కించుకోవాలి. తాళాలు బాగుచేసే షాపు నడిపే నాన్న ఆ సంగతి షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే అమ్మ పొద్దస్తమానం విరిగిన ఎముకలే చూస్తుంది కనుక, "పడకుండా ఆడు" అని మాత్రం చెప్పింది.

నేర్పిన మాస్టారు మరీ క్లుప్తంగా చెప్పాడు. "ఆలోచించకు."

పొట్టికున్న జబ్బల్లా అదే. టెన్నిస్‌లో సర్వీసు చెయ్యడానికి రెండు అవకాశాలుంటాయి. మొదటిది తప్పితే రెండోది ఉంది. రెండోదీ తప్పితే పాయింటు ఎదుటివాళ్ళది. పొట్టి మొదటి సర్వీసు పిడుగు. అది గీత దాటి పడిందా, ఇక రెండో సర్వీసుకి ముందు ఆ నాలుగైదు క్షణాల్లో ఆమె బుర్రలోకి ఊరంతా దిగేది. మోచెయ్యి ఎత్తు సరిపోయిందా? బంతి మరీ ముందుకి ఎగరేశానా? కిందటి నెల ఇలాగే కదా పోయింది? స్టవ్వు ఆపానా? ఇన్ని ప్రశ్నలు మోసుకుంటూ ఆ బంతి పాపం వలదాకా కూడా వెళ్ళలేకపోయేది.

మాస్టారికి క్లబ్బులో నలభై మంది పిల్లలున్నారు. వాళ్ళని వదిలి ఊళ్ళు తిరగడం కుదరదన్నాడు. అమ్మకి డ్యూటీలు, నాన్నకి షాపు. మరి పొట్టి వెంట ఎవరు వెళ్ళాలి?

సరిగ్గా అప్పుడే అత్త రిటైరైంది.

అత్త అంటే నాన్నకి అక్క. రైల్వే స్టేషన్‌లో విచారణ కౌంటర్ వెనక కూర్చుని, మైకులో రాకపోకలు ప్రకటిస్తూ ముప్పై మూడేళ్ళు పనిచేసింది. రిటైరయ్యాక తమ్ముడి ఇంట్లో ఉండసాగింది. ఆమెని ఎవరూ ఏమీ అడగకపోవడం మొదటి వారం విశ్రాంతిగా తోచింది. రెండో వారం ఊపిరాడలేదు. మూడో వారం వంటగదిలో నిలబడి, "దయచేసి వినండి. పాలు మరి కొద్ది నిమిషాలలో పొంగుటకు సిద్ధముగా ఉన్నవి" అనడం మొదలుపెట్టింది. స్నానాల గది ఎప్పుడు ఖాళీ అవుతుందో, అమ్మ ఎన్ని నిమిషాలు ఆలస్యంగా ఇల్లు చేరుతుందో, అన్నీ ప్రకటనలే.

"పొట్టి వెంట నేను వెళ్తాలేరా" అని ఆమె అన్న రోజున ఆ ఇంట్లో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. నాన్న ఆ సాయంత్రమే పెట్టె దించాడు.

"టెన్నిస్ గురించి నీకేం తెలుసు అత్తా?" అంది పొట్టి.

"రైలు నడపడం తెలిసే ముప్పై మూడేళ్ళు రైళ్ళ గురించి చెప్పానా?" అంది అత్త.

మొదటి పోటీకి వాళ్ళ రైలే రెండు గంటలు ఆలస్యమైంది. సాయంత్రం ఆరింటిలోగా ఆఫీసు గదిలో సంతకం పెడితేనే మర్నాటి ఆటలో చోటు. ఆరూ నాలుక్కి ఇద్దరూ పెట్టెలు ఈడ్చుకుంటూ, రొప్పుతూ వెళ్ళారు. కిటికీ వెనకాల ఉన్నతను తలెత్తకుండానే గడువైపోయిందన్నాడు.

"రైలు ఆలస్యమైంది బాబూ" అంది అత్త.

"రైలు ఆలస్యానికి మేమేం చేస్తామమ్మా" అన్నాడతను.

ఆ వాక్యం అత్తదే. ముప్పై మూడేళ్ళు రోజుకి నలభైసార్లు ఆమె అద్దం ఇవతల కూర్చుని అన్న మాట. అద్దం అవతల నిలబడి వినడం అదే మొదలు. బస చేసిన గదిలో మంచం మీద కూర్చుని, "మనం చాలా కఠినంగా మాట్లాడతామే పొట్టీ" అంది.

రెండో పోటీలో పొట్టి నలభై ఎనిమిది నిమిషాల్లో ఓడిపోయింది. అత్త కూర్చోడానికి దిండు కొనుక్కుని వచ్చేసరికి అందరూ చేతులు కలుపుకుంటున్నారు. మూడో పోటీలో కాస్త సేపు సాగింది. ఆ ఊళ్ళోనే అత్తకి ఆటలో లెక్క ఎలా వేస్తారో పొట్టి చెప్పింది. మొదటి పాయింటుకి పదిహేను, రెండోదానికి ముప్పై, మూడోదానికి నలభై.

"నలభై ఐదు కదా?" అంది అత్త.

"కాదు, నలభయ్యే."

"ఆ అయిదూ ఏ స్టేషన్లో దిగిపోయింది మరి?"

పొట్టికి తెలియదు. మాస్టారికి ఫోను చేసి అడిగితే ఆయనకీ తెలియలేదు. ఎవరికీ తెలియని లెక్కతో ఇంతమంది బతుకుతున్నారన్నది అత్తకి చాలాకాలం మింగుడుపడలేదు.

నాలుగు, అయిదు కూడా అలాగే గడిచాయి. గదులన్నీ ఒక్కలాగే ఉండేవి. రెండు ఇరుకు మంచాలు, వాటిలో ఏదీ పొట్టి కాళ్ళకి సరిపోదు. చెయ్యి పడితే ఊగే కుళాయి. కిటికీ చువ్వలకి ఆరేసిన మేజోళ్ళు. పొద్దున్నే రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపండు. ఆట, ఓటమి, పెట్టె సర్దడం. ఓడిపోయిన ప్రతిసారీ పొట్టి తువ్వాలు మొహం మీద కప్పుకుని అరగంట కూర్చునేది. అత్త ఓదార్చేది కాదు. పక్కనే కూర్చుని, తర్వాతి రైలు ఎన్నింటికో, ఏ ప్లాట్‌ఫారమో, మధ్యలో ఎన్ని స్టేషన్లో చదివేది. ఏడుపు మధ్యలో స్టేషన్ల పేర్లు వింటూ ఉంటే ఎక్కడో ఒకచోట పొట్టికి నవ్వొచ్చేది. "మళ్ళీ చెప్పు, ఆ అయిదోది ఏంటి?" అనేది.

ఆరో ఊళ్ళో గాలి మారింది. అసలు పోటీలోకి వెళ్ళాలంటే ముందు మూడు ఆటలు గెలవాలి. పొట్టి రెండు గెలిచి, మూడోది పోగొట్టుకుంది. రెండో సర్వీసులే ముంచాయి. తువ్వాలు కప్పుకోబోతుంటే ఆఫీసు గదిలోంచి రిఫరీ పిలిచాడు. బొంగురు గొంతు మనిషి. మెళ్ళో ఈల, చేతిలో నిబంధనల పుస్తకం.

"రేపు పొద్దున సంతకం పెట్టు. లక్కీ లూజర్ జాబితాలో నీదే మొదటి పేరు."

"అంటే ఏంటి బాబూ?" అంది అత్త.

"అసలు పోటీలో ఎవరైనా ఆఖరి నిమిషంలో తప్పుకుంటే, ఓడిపోయినవాళ్ళలోంచి ఒకర్ని తీసుకుంటామమ్మా. ఆ ఒకరు అదృష్టవంతులన్నమాట."

"ఓడిపోయిన అదృష్టవంతురాలు" అని అత్త నెమ్మదిగా పలికి చూసుకుంది. "మా ఇంట్లో చాలామంది ఉన్నారు బాబూ. ఇలా జాబితా రాస్తారని తెలీక ఊరుకున్నారు."

మర్నాడు పొద్దున సంతకం పెట్టారు. పదిన్నర దాకా ఎవరూ తప్పుకోలేదు. "ఆఖరి ఆట మొదలయ్యేదాకా అవకాశముంది, దూరం వెళ్ళకండి" అన్నాడు రిఫరీ. ఎదురుగా రోడ్డు దాటితే బట్టలు ఉతికే యంత్రాల దుకాణం. దూరం కాదు కదా అని అత్త వారం రోజుల బట్టలన్నీ మూటగట్టి తీసుకెళ్ళింది. పొట్టి ఒంటి మీద బాతు బొమ్మల పైజమా, నాన్న షాపువాళ్ళు పంచిపెట్టిన పాత టీషర్టు తప్ప తక్కినవన్నీ ఒక యంత్రంలో వేసి మీట నొక్కింది. తలుపు టక్కున బిగుసుకుంది. అద్దంలోంచి పొట్టి ఆట స్కర్టులు మూడూ సబ్బు నురగలో గిరగిరా తిరగసాగాయి.

ఫోను మోగింది.

"ఒకమ్మాయి కడుపు పాడై తప్పుకుంది. పది నిమిషాల్లో కోర్టులో ఉండాలి. లేకపోతే నీ తర్వాతి పేరు పిలుస్తా" అన్నాడు రిఫరీ.

పొట్టి యంత్రం తలుపు లాగింది. అది రాలేదు. అత్త లాగింది. దుకాణం ఆవిడ వచ్చి, "నలభై నిమిషాలమ్మా. మధ్యలో తెరుచుకోదు" అంది.

"నాన్న ఉంటే రెండు నిమిషాల్లో తీసేవాడు" అంది పొట్టి, ఏడుపు గొంతుతో.

"నాన్న రావడానికి తొమ్మిది గంటలు. పద" అంది అత్త.

బూట్లు, రాకెట్లు గదిలో ఉన్నాయి కాబట్టి దక్కాయి. పొట్టి ఎనిమిదో నిమిషంలో బాతుల పైజమాతో రిఫరీ ముందు నిలబడింది. ఆయన బాతుల్ని చూశాడు. పుస్తకం తెరిచి చూశాడు. మళ్ళీ బాతుల్ని చూశాడు.

"దీంతో ఆడనివ్వడం కుదరదమ్మా."

"బాతులు వద్దని రాసుందా అందులో?" అంది అత్త.

"టెన్నిస్ దుస్తులు వేసుకోవాలని రాసుంది."

అప్పుడు గోడ కలగజేసుకుంది. అందరూ ఆమెని గోడ అనే పిలిచేవారు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, కురచగా, బలంగా, ఎక్కడ కొట్టినా బంతిని తిరిగి ఇవతలికి పంపుతుంది కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు పెద్ద పెద్ద పోటీల్లో ఆడింది. భుజానికి ఆపరేషన్ అయ్యాక మళ్ళీ కిందినుంచి మొదలుపెట్టింది. పొట్టి ఇప్పుడు ఆడాల్సింది ఆమెతోనే. ఇంకో రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు, పొట్టి బదులు ఇంకెవరో సులువైన పిల్ల వచ్చేది. అయినా సంచీలో చెయ్యి పెట్టి ఒక తెల్ల స్కర్టు తీసి విసిరింది.

"వేసుకో అమ్మాయ్. పొద్దెక్కితే ఎండ. ఓ గంటలో తేల్చేసుకుందాం."

స్కర్టు పొడవు పొట్టికి అరకొరగా ఉంది గానీ చుట్టుకొలతలో మాత్రం ఇద్దరు పొట్టిలు పడతారు. అత్త తన చేతిసంచీలోంచి రెండు పిన్నీసులు తీసి, నడుం దగ్గర మడతపెట్టి గుచ్చింది. "ఎక్కువ వంగకు" అని హెచ్చరించింది. టెన్నిస్‌లో అది పాటించడం కష్టమైన సలహా. ఇంతలో రిఫరీ చూపు టీషర్టు వీపు మీద పడింది. 'తాళంచెవి పోయిందా? మేమున్నాం' అని దాని మీద అచ్చయి ఉంది. ప్రకటన ఎంత పెద్దగా ఉండవచ్చో నిబంధన ఉందట. టేపు తెచ్చి కొలిచాడు. సరిపోయింది. ఆ పోటీలో ఒంటి మీద ప్రకటన ఉన్న ఆటగత్తె పొట్టి ఒక్కతే కావడంతో, చుట్టూ ఉన్నవాళ్ళు ఈమె వెనక ఏదో పెద్ద కంపెనీ ఉందనుకున్నారు.

ఆట మొదలైంది. పొట్టి మొదటి సర్వీసు గీత బయట పడింది. రెండోదానికి బంతి నేలకేసి రెండుసార్లు కొట్టి, అలవాటుగా ఆలోచనలకి తలుపు తెరవబోయింది. సరిగ్గా అప్పుడు కుడివైపు పిన్నీసు కాస్త జారినట్టనిపించింది. ఎడంచేత్తో తడుముకుంది. ఊడలేదు. ఊడితే? ఇంతమందిలో? ఈ భయం తప్ప బుర్రలో ఇంకో దానికి చోటు లేకపోయింది. తొందరగా కొట్టి మళ్ళీ తడుముకోవాలన్న ఆత్రంలో రెండో సర్వీసు కూడా మొదటిదానిలాగే బలంగా కొట్టేసింది. బంతి గోడ పక్కనుంచి దూసుకుపోయింది.

గోడ ఆ బంతి వెళ్ళిన వైపు కాసేపు చూసింది.

ఆ సెట్టంతా అలాగే నడిచింది. పొట్టి ఆడుతున్నది టెన్నిస్ కాదు, స్కర్టు కాపాడుకోవడం. బంతి వస్తే కొట్టడం, వెంటనే నడుం తడుముకోవడం. ఎదుట ఉన్నది ఎవరో, ఒకప్పుడు ఎంత గొప్పదో గుర్తుచేసుకోడానికి తీరికే దొరకలేదు. మధ్యలో అత్త లేచి, "కాస్త నీళ్ళు తాగవే" అని అరిచింది. ముప్పై మూడేళ్ళు ఆరు ప్లాట్‌ఫారాలకి వినిపించిన గొంతు అది. ఎత్తు కుర్చీలో ఉన్న అంపైరు ఆట ఆపేశాడు.

"బయటి నుంచి సలహాలు ఇవ్వకూడదు. ఇది హెచ్చరిక."

"నీళ్ళు తాగమనడం సలహానా నాయనా?" అంది అత్త. పక్కవాళ్ళు ఆమెని కూర్చోబెట్టారు.

పొట్టి మొదటి సెట్టు ఆరు–నాలుగుతో గెలిచింది. కుర్చీలో కూర్చుని గెలిచానన్న సంగతి కూడా గమనించకుండా పిన్నీసు సర్దుకుంటోంది. పక్క కుర్చీలోంచి గోడ చూసింది. చూసి చూసి విసుగొచ్చి లేచింది.

"ఏంటమ్మాయ్ ఆ తడుముకోవడం? నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఇటు రా." సంచీలోంచి విడి బూటు లేసు తీసి, పొట్టి నడుం చుట్టూ రెండు చుట్లు తిప్పి, ముడి మీద ముడి వేసింది. "ఏనుగు లాగినా ఊడదు. ఇక ఆడు."

ఊడదు నిజమే. దాంతో పొట్టికి మనశ్శాంతి కలిగింది. మనశ్శాంతితో పాటే ఆలోచన వచ్చింది. అయ్యో, ఈవిడ మీద సెట్టు గెలిచానా? ఎలా గెలిచాను? ఇంకో సెట్టు గెలిస్తే జాబితాలోకి పాయింటు వస్తుందా? మోచెయ్యి ఎత్తు సరిపోతోందా? రెండో సర్వీసులు మళ్ళీ వల దగ్గర కూలబడ్డాయి. ఇరవై అయిదు నిమిషాల్లో రెండో సెట్టు ఒకటి–ఆరుతో పోయింది.

అత్తకి టెన్నిస్ తెలియదు గానీ ముప్పై మూడేళ్ళు జనాన్ని చూసింది. పిన్నీసు ఉన్నంతసేపు ఆట సాగిందని, లేసు కట్టగానే ఆగిందని కనిపెట్టింది. పొట్టి ఇటు తిరిగినప్పుడు అత్త తన నడుం చూపించి, ముడి విప్పుతున్నట్టు వేళ్ళు ఆడించి, మళ్ళీ నడుం చూపించింది. ఆమె జీవితంలో ఇచ్చిన మొట్టమొదటి టెన్నిస్ సలహా అదే. అంపైరు అదీ చూశాడు. ఈసారి ఒక పాయింటు కోసేశాడు. అత్త వాదించడానికి లేచింది. "ఇందాక నీళ్ళు తాగమన్నది సలహా కాదు. ఇది సలహా, ఒప్పుకుంటా. కానీ రెంటికీ కలిపి ఒక్కసారే వెయ్యాలి కదా" అంది. రిఫరీ వచ్చి ఆమెని మర్యాదగా బయటికి తీసుకుపోయాడు.

పొట్టికి ఈ సైగ అసలు అర్థమే కాలేదు. అత్త పొట్ట పట్టుకుని వేళ్ళు ఆడించడం, వెంటనే ఎవరో ఆమెని తీసుకెళ్ళడం మాత్రం చూసింది. కడుపు పాడై తప్పుకున్న అమ్మాయి గుర్తొచ్చింది. పొద్దున అత్త రెండు గుడ్లు తింది. గుడ్లు పాతవేమో. అత్తని ఎక్కడికి తీసుకెళ్ళారు? పక్కన ఎవరున్నారు? అమ్మకి ఫోను చెయ్యాలా? మూడో సెట్టులో మొదటి రెండు గేములు పొట్టి ఆ దిగుల్లోనే తనకే తెలియకుండా గెలిచేసింది.

అక్కడ అత్త కడుపు నిక్షేపంగా ఉంది. ఆఫీసు గదిలో ఆమెని ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. కిటికీ ముందు పదిహేను మంది ఆటగాళ్ళు మూగి ఉన్నారు. నా ఆట ఎన్నింటికి, నాది ఏ కోర్టు, నా ముందు వాళ్ళది అయిందా అని ఒకరి మీద ఒకరు పడి అడుగుతున్నారు. రిఫరీ బొంగురు గొంతుతో మైకులో చెబుతుంటే గరగరమంటోంది తప్ప ఎవరికీ ఏమీ తెలియడం లేదు. అందరూ మళ్ళీ అడుగుతున్నారు. అత్త మూడు నిమిషాలు ఓర్చుకుంది. నాలుగో నిమిషంలో లేచి, నోటీసు బోర్డుకి అంటించిన ఆటల పట్టిక ఒకసారి పైనుంచి కిందికి చదివి, ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది.

పొట్టి సర్వీసు చెయ్యడానికి బంతి నేలకి కొడుతోంది. నెత్తి మీది లౌడ్ స్పీకర్ మోగింది.

"దయచేసి వినండి. రెండవ నంబరు కోర్టుపై జరగవలసిన ఆట నలభై నిమిషములు ఆలస్యముగా నడుచుచున్నది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

పొట్టి చేతిలో బంతి ఆగిపోయింది. అత్త బాగానే ఉంది. బాగానే ఉండడమేమిటి, ఉద్యోగంలో ఉంది. చూసేవాళ్ళలో సగం మంది పగలబడి నవ్వారు. అంపైరు నవ్వాపుకోలేక కుర్చీ మీద అటు తిరిగి కూర్చున్నాడు. పొట్టికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే సర్వీసు చేసింది.

అక్కడినుంచి ప్రతి రెండు మూడు నిమిషాలకీ అత్త గొంతు వచ్చిపోతూనే ఉంది. నాలుగో కోర్టుకి వెళ్ళవలసినవారు నీళ్ళ కుళాయి పక్క దారిన వెళ్ళాలని, ఒక నీలం తువ్వాలు దొరికిందని, తలుపు దగ్గర నిలబడి దారికి అడ్డం కారాదని. పొట్టి రెండో సర్వీసుకి ముందు ఖాళీ దొరికినప్పుడల్లా చెవి అటే వేస్తోంది. గోడ మాత్రం వదిలిపెట్టలేదు. ఏ మూలకి కొట్టినా బంతి తిరిగి వచ్చేది. ఇరవై, ముప్పై దెబ్బల దాకా సాగిన పాయింట్లున్నాయి. ఇద్దరి చొక్కాలూ పిండితే నీళ్ళు కారేలా తడిసిపోయాయి. నాలుగు–నాలుగు. అయిదు–నాలుగు. పొట్టి సర్వీసు. నలభై–ముప్పై. ఇంకొక్కటి చాలు.

మొదటి సర్వీసు వలకి తగిలింది.

పొట్టి రెండో బంతి చేతిలోకి తీసుకుంది. అత్త ఆ సమయానికి ఏమైనా ప్రకటిస్తుందేమోనని ఒక క్షణం ఆగింది. ఏమీ రాలేదు. మైకు ఊరుకుంది. చెట్లు కూడా కదలడం లేదు. మోచెయ్యి గుర్తొచ్చింది. కిందటి నెల గుర్తొచ్చింది. అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. పొట్టి వాటివంక చూసి, ఎవరికీ జవాబు చెప్పకుండా, బంతి ఎగరేసి బలంగా కొట్టింది. గోడ రాకెట్ అంచుకి తగిలి బంతి కంచె దాటి, రోడ్డు మీదికి పోయింది.

వల దగ్గర గోడ చెయ్యి కలిపింది. మొహంలో కోపం లేదు, అలసట ఉంది.

"స్కర్టు ఉతికి ఇవ్వు" అంది.

మధ్యాహ్నం పొట్టి ఉతికి ఆరిన స్కర్టు మడతపెట్టి తీసుకెళ్ళింది. గోడ ఒక చెట్టు నీడన బల్ల మీద కూర్చుని భుజానికి మంచు మూట పెట్టుకుంటోంది.

"ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు" అంది. "ఆ రెండో సర్వీసు అంత ధైర్యంగా ఎలా కొట్టావ్? ఏం ఆలోచించావప్పుడు?"

"మొదటి సెట్లో మీ స్కర్టు గురించక్కా. ఊడిపోతుందేమోనని."

"తర్వాత?"

"మా అత్తకి విరేచనాలేమోనని."

గోడ నవ్వడం మొదలుపెట్టింది. మంచు మూట జారి కింద పడింది. కళ్ళు తుడుచుకుంటూ, "పదిహేడేళ్ళు ఆడాను. ఎవరెవరి ఎత్తులకో ఓడాను. నా స్కర్టుకి నేనే ఓడడం ఇదే మొదటిసారి" అంది. పడిన మంచు మూట తీసుకుంటూ, "ఆ లేసు నేనే కట్టాను కదా. కట్టకుండా ఉంటే ఇంకా త్వరగా ఓడేదాన్ని" అని మళ్ళీ నవ్వింది.

మర్నాడు పొట్టి ఇస్త్రీ చేసిన సొంత స్కర్టు కట్టుకుని రెండో ఆటకి వెళ్ళి, సున్నా–ఆరు, ఒకటి–ఆరుతో ఓడిపోయింది. ఈసారి తువ్వాలు మొహం మీద పది నిమిషాలే ఉంది.

సోమవారం జాబితా వచ్చింది. ఒక్క పాయింటుతో పొట్టి పేరు వెయ్యిన్నీ మూడు వందల పన్నెండో స్థానంలో ఎక్కింది. నాన్న ఆ కాగితం షాపులో తాళాల పక్కన అంటించాడు. తాళం బాగుచేయించుకోడానికి వచ్చిన ముసలాయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

"ప్రపంచం మొత్తంలోనా?"

"ప్రపంచం మొత్తంలో" అన్నాడు నాన్న.

"ఎన్ని వందల కోట్ల మంది ఉన్నారయ్యా ప్రపంచంలో. వెయ్యి మందే ముందున్నారంటే మాటలా" అన్నాడాయన. నాన్న ఆయన దగ్గర డబ్బు తీసుకోలేదు.

ఆ వారమే రిఫరీ అత్తకి ఫోను చేశాడు. రాబోయే నాలుగు పోటీలకి మైకు ఆమే పట్టుకోవాలట. అయితే ఆటగత్తె బంధువు అదే పోటీలో పని చెయ్యడం నిబంధనలకి విరుద్ధం. అందుకని పొట్టి ఆడని ఊళ్ళు చూసి ఇస్తానన్నాడు. అత్త రెండు రోజులు ఆలోచించింది. పొట్టి వెంట వెళ్ళాలని ఉంది. మైకూ కావాలి. చివరికి పొట్టే తేల్చేసింది.

"నువ్వెళ్ళు అత్తా. నేను ఒక్కదాన్నే తిరగడం నేర్చుకోవాలి కదా."

"గుడ్లు చూసి తిను" అంది అత్త.

కానీ పొట్టి ఒక్కతే తిరగాల్సిన అవసరం రాలేదు. గోడ కబురు చేసింది. డబుల్స్‌లో తనతో ఆడే అమ్మాయికి చీలమండ బెణికింది, వస్తావా అని. ఇద్దరూ కలిసి వెళ్ళిన మొదటి ఊళ్ళో, మొదటి ఆటలో, పొట్టి వెనకనుంచి సర్వీసు చేస్తోంది. గోడ వల దగ్గర వంగి నిలబడింది. మొదటిది తప్పింది. వెనకాల బంతి చప్పుడు మరీ ఎక్కువసేపు వినబడేసరికి, గోడ వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"అమ్మాయ్, నువ్వు నిద్రలో గురక పెడతావని నీకెవరైనా చెప్పారా?"

"నేనా? లేదక్కా. పెడతానా?"

"ముందు కొట్టు. తర్వాత చెప్తా."

ఆ ఆట గెలిచారు. మర్నాటిది ఓడిపోయారు. రెండో ఊరికి రైల్లో వెళ్తూ, గురక పెట్టేది ఎవరన్న విషయం మీద ఇద్దరూ నాలుగు స్టేషన్ల దాకా వాదించుకున్నారు.